విరూపాక్షయ్య నాడి పరీక్ష

పూర్వం ఒక రాజ్యంలో రాణిగారి కెంపుల హారం పోయింది. కోటలో దివిటీ పట్టే గురవడి మీద అనుమానపడి పట్టుకొచ్చారు. నాడి చూసి మనసు చదువుతానని గొప్పలు పోయే ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య అతని మణికట్టు పట్టుకుని, "హారం ఏదిరా?" అని గద్దించాడు. గురవడి నాడి గుర్రంలా పరుగెత్తింది.

"వీడే దొంగ ప్రభూ! చెయ్యి నరికించండి!"

గురవడి గుండె జారింది గానీ బుర్ర జారలేదు. "ప్రభూ, ఒక్కసారి అయ్యగారి నాడి మీరు పట్టుకోండి," అని వేడుకున్నాడు. రాజుకూ సరదా పుట్టి పట్టుకున్నాడు.

"అయ్యా, హారం మీ ఇంట్లోనే దొరికిందటగా?" అన్నాడు గురవడు.

"నాడి ఇలా ఎగిరిపడుతోందేమయ్యా!" అన్నాడు రాజు.

"భయం ప్రభూ! నేను తియ్యలేదు, ఇది ఉత్త భయం!" అని కేకపెట్టాడు విరూపాక్షయ్య.

"నాదీ అదే బాబూ," అన్నాడు గురవడు.

ఆ సాయంత్రం కొలువులో దివిటీ మళ్ళీ అతని చేతిలోనే వెలిగింది.