జమీందారు గారి పాత బండి

కుమ్మరి పోలయ్యకు కుండలు సంతకు తోలడానికి బండి కావలసివచ్చింది. జమీందారు నరసరాజు తన పాత బండి చూపించి, "గట్టి సరుకురా. నూరు వరహాలు పెట్టు," అన్నాడు.

బండంతా వెలిసిపోయింది, ఇరుసుకు మాత్రం కొత్త రంగు దట్టంగా పూసి ఉంది. పోలయ్య వేలితో తాకి చూశాడు. రంగింకా పచ్చిగానే ఉంది.

"అలాగే ఇస్తాను దొరా. కానీ మా ఇంట ఒక ఆనవాయితీ ఉంది. బండి అమ్మినవారే అందులో కూర్చుని వచ్చి మా గడప ముందు దిగాలి. దారిలో ఆ కొండవాలు ఒక్కటే కాస్త నిటారు."

జమీందారు కొండవైపు చూశాడు. "నేను వెనకాల నడిచొస్తాలేరా."

"అయితే ధర తేలిపోయింది దొరా. మీరెక్కే బండయితే నూరు వరహాలు. మీరే ఎక్కని బండికి కట్టెల ధర ఇస్తాను. కుండలు కాల్చడానికి నాకు కట్టెలు ఎలాగూ కావాలి."