లక్కముద్ర పగిలిన కుండ

అనగనగా ఒక లంక. లంక అంటే పది తలల రాజుగారి లంక కాదు పిల్లలూ. గోదారి రెండు పాయలుగా చీలి, మళ్ళీ కలుసుకునేలోపు మధ్యలో వదిలిపెట్టిన ఇసక నేల. ఆ లంకలో నలభై గడపలు. నలభై గడపలకీ కలిపి ఒక పెంకుటి మందిరం. మందిరం మీద సిలువ, సిలువ మీద ఎప్పుడూ ఒక కాకి.

ఆ లంకలో దోర్కమ్మ అనే ఆవిడ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఏటి ఒడ్డున తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, చాపలు అల్లుకుని బతికేది. మాట మెత్తన, మనిషి గట్టి.

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉండేది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేవాళ్ళు. దాన్ని దేవుడి కుండ అనేవాళ్ళు. ఆదివారం నాడు ఆ కుండలన్నీ మందిరానికి తెచ్చి పెద్ద గంపలో కుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యం ముసలివాళ్ళకీ, దిక్కులేనివాళ్ళకీ, మందిరంలో ప్రార్థన జరిపించే అయ్యగారి ఇంటికీ వెళ్ళేవి. ఎవరి పిడికిలి ఎంతో ఎవరూ అడిగేవారు కాదు. ఉన్నప్పుడు నిండుగా, లేనప్పుడు వెలితిగా, అలా సాగిపోయేది.

అలా సాగిపోతుండగా సంఘానికి కొత్త పెద్దగా ఫిలేమోనుగారు వచ్చారు. ఆయన బియ్యం వర్తకుడు. అవతలి గట్టున కొట్టు, ఇవతల లంకలో మేడ. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మందిరానికి పెంకులు వేయించింది ఆయనే. కాకపోతే పుట్టినప్పటి నుంచీ కొలతల మధ్య పెరిగిన మనిషి. మనవరాలికి ముద్దు పెట్టమంటే ఎన్ని అని అడిగే రకం.

మొదటి ఆదివారం ఆయన గంపను చూసి నొసలు చిట్లించారు.

"పిడికిలి కూడా ఒక కొలతేనా? ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది," అని ఇంటికో ఇత్తడి గిద్ద, అంటే సోలలో నాలుగో వంతు పట్టే కొలపాత్ర, పంచిపెట్టారు. ఇక నుంచి పూటకో గిద్ద. అంచుకి సమంగా తలకొట్టి వెయ్యాలి, తగ్గకూడదు.

రెండో ఆదివారం ఆయనకి ఇంకో అనుమానం వచ్చింది. "వేసినవాళ్ళు మళ్ళీ తీసుకోరని ఏమిటి నమ్మకం?" అని కుండల మూతులు బిగించి, మూత అంచు చుట్టూ లక్క కరిగించి పోయించి, దాని మీద తన ఉంగరంతో ముద్ర వేయించారు. గింజలు లోపలికి జారడానికి మూతకి వేలెడు చిల్లు ఉంచారు. తిరగేసి కుదిపితే లక్క చిట్లి సంగతి బయటపడుతుంది.

మూడో ఆదివారం నాడు ఆయన లేచి నిలబడి అసలు మాట చెప్పారు. "ముద్ర పగిలినా, కొలత తగ్గినా, ఆ ఇంటివాళ్ళు ఆ నెల ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు."

ప్రభువు బల్ల అంటే ఇదీ. నెలకోసారి, మొదటి ఆదివారం, సంఘమంతా ఒక బల్ల చుట్టూ చేరేది. ఒకే రొట్టె విరుచుకుని, ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగేది. దోర్కమ్మకి ఆ రోజంటే ప్రాణం. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి, ఇరవై ఎనిమిదేళ్ళుగా, ఒక్క నెల తప్పలేదు. భర్తని మట్టి చేసిన వారం కూడా వచ్చింది. ఏడుస్తూనే ఆ రొట్టె ముక్క అందుకుంది. లోకంలో తనకి ఎవరూ లేరని అనిపించినప్పుడల్లా, ఆ బల్ల దగ్గర తనకో చోటుందని గుర్తు చేసుకునేది.

జెకర్యా అయ్యగారు మెత్తని ముసలాయన. ఒకసారి గొంతు సవరించుకున్నారు. కానీ ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి గంప అంచు దాకా నిండుతూ వచ్చింది. ఫిలేమోనుగారు ముద్ర చూసేవారు, కుండ చేతిలో పట్టి బరువు చూసేవారు, సరే పొయ్యమనేవారు, ఖాళీ కుండకి మళ్ళీ ముద్ర వేయించేవారు. ఆ బియ్యంతో వండుకున్న ముసలివాళ్ళకి మాత్రం పంటి కింద రాళ్ళు తగిలేవి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఏరుకుని తినేవాళ్ళు.

ఇంతలో శ్రావణం వచ్చింది. గోదారికి వరదొచ్చింది. లంక చుట్టూ ఎర్రనీళ్ళు సుడులు తిరిగాయి. పడవలు ఆగిపోయాయి.

ఆ వరదలో ఒక సంచారి కుటుంబం లంకలో చిక్కుకుపోయింది. ఊరూరా తిరిగి, రోళ్ళకీ తిరగళ్ళకీ గంట్లు కొట్టి బతికేవాళ్ళు. ఒక తల్లి, ముగ్గురు పిల్లలు. తండ్రి అవతలి గట్టున ఉండిపోయాడు. వాళ్ళు తడుస్తూ వచ్చి దోర్కమ్మ చూరు కింద నిలబడ్డారు. దోర్కమ్మ వాళ్ళని లోపలికి పిలిచి చాప పరిచింది. ఒక పొట్టకి దాచుకున్న బియ్యం ఐదు పొట్టలకి ఎన్నాళ్ళు వస్తాయి? మూడో రోజుకి అయిపోయాయి. నాలుగో రోజు ఇల్లిల్లూ తిరిగింది. ఊరంతా ఒకటే పరిస్థితి. ఒకరు సోలెడు నూకలు ఇచ్చారు, మిగిలినవాళ్ళు ఉన్నవి తమకే చాలవన్నారు. ఐదో రోజు మధ్యాహ్నానికి ఆ నూకలు కూడా లేవు.

పిల్లల్లో చిన్నది మూడేళ్ళది. ఆకలి అని కూడా అనలేదు. ఒక తుంగ పుల్ల దొరకబుచ్చుకుని నములుతూ కూర్చుంది. అది చూసి దోర్కమ్మ గుండె తరుక్కుపోయింది.

మూల దేవుడి కుండ ఉంది. దాని మీద ఫిలేమోనుగారి ముద్ర ఉంది. ఎదురుగా ఆదివారం ఉంది, అది నెల మొదటి ఆదివారం.

దోర్కమ్మ కుండ ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత చిన్నగా ఇలా అంది:

"ప్రభువా, ఈ బియ్యం నీవి. ఈ పిల్లలూ నీ పిల్లలే. అయినా ముద్ర పగలగొట్టేది నా చెయ్యి. రేపెవరైనా అడిగితే నువ్వు చేయించావని చెప్పను. నేనే చేశానని చెబుతాను."

రోకలితో ఒక్క దెబ్బ కొట్టింది. లక్క చిట్లింది. ఆ సాయంత్రం ఐదుగురూ వేడి వేడి గంజన్నం తిన్నారు. మర్నాడూ అదే తిన్నారు. శనివారం పొద్దున్న నీళ్ళు తగ్గాయి. తండ్రి ఎవరిదో దోనె అడిగి తెచ్చుకుని వచ్చి, భార్యనీ పిల్లలనీ తీసుకుపోయాడు. వాళ్ళకి ముద్ర సంగతి ఏమీ తెలియదు. దోర్కమ్మ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం పక్కింటి లేయమ్మ వచ్చింది. పగిలిన లక్క చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఎంత పని చేశావు వదినా. సరేలే, అయిందేదో అయింది. మా ఇంట్లో లక్క ఉంది, ముద్ర ముక్కలు దాంతో అతికిద్దాం. నా దగ్గర కాస్త బియ్యముంది. అడుగున ఇసక పోసి పైన బియ్యం వేసేద్దాం. బరువు చూస్తారు గాని లోపలికెవరు చూడొచ్చారు?"

"ఇసక ఎవరి కంచంలోకి వెళ్తుంది లేయమ్మా?" అంది దోర్కమ్మ.

లేయమ్మ ఎందుకో తల దించుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎదురింటి మత్తయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఇదిగో అమ్మాయ్, నా మాట విను. రేపు మందిరానికి రాకు. దుప్పటి కప్పుకుని పడుకో. జ్వరమని నేను చెప్తాగా. వచ్చే వారానికి పడవలొచ్చేస్తాయి, అన్నీ సర్దుకుంటాయి."

"జ్వరం లేదు కదా బాబాయ్."

"లేదనుకో. ఉందంటే ఏమవుద్ది?"

"ఇప్పుడు ఉందని చెబితే, ముందు ముందు నిజంగా జ్వరమొచ్చి చెప్పినా, నాకే నమ్మబుద్ధి కాదు," అంది దోర్కమ్మ. తాత నవ్వాలో వద్దో తెలియక మీసం సవరించుకుని వెళ్ళాడు.

పొద్దు వాలుతుండగా అయ్యగారి భార్య వచ్చింది. ఆవిణ్ణి అందరూ అమ్మగారు అనేవాళ్ళు. కొంగు చాటున ఒక చిన్న మూట తెచ్చింది. మూటలో వారం కొలతకి సరిపోయే పద్నాలుగు గిద్దల బియ్యం, తన ఇంట్లో ఉన్నవన్నీ. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

"దోర్కమ్మా, నువ్వు దొంగతనమేమీ చెయ్యలేదు. ఇవి కుండలో పోసుకో. ముద్ర వరద హడావుడిలో పగిలిందను. నువ్వు లేని బల్ల నేను చూడలేనే తల్లీ."

అన్నిట్లోకీ ఇదే కష్టమైంది. కోపంగా వచ్చినవాళ్ళకి కాదనడం తేలిక. ప్రేమగా వచ్చినవాళ్ళకి కాదనడం ఎంత కష్టమో మీకూ తెలుసు. దోర్కమ్మ ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. తనకీ ఏడుపొచ్చింది.

"అమ్మగారూ, బియ్యం మీవవుతాయి, అబద్ధం నాదవుతుంది. అది నోట్లో పెట్టుకుని ఆ రొట్టె ఎలా తినమంటారు? తినకుండా కూర్చుంటానేమో గాని, అలా తినలేను."

ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళు వరసగా కుండలు తెచ్చారు. దోర్కమ్మ మూత లేని కుండ తెచ్చి ఫిలేమోనుగారి ముందు పెట్టింది. లోపల ఒక్క గింజ లేదు.

"ఏమిటిది?" అన్నారాయన.

దోర్కమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కువ చెయ్యలేదు, తక్కువ చెయ్యలేదు.

అయ్యగారు ఆమెని ఎలాగైనా కాయాలనుకున్నారు. "ప్రభువే నీ మనసులో ప్రేరేపించి, నీ చేత చేయించి ఉంటాడమ్మా," అన్నారు.

"లేదయ్యగారూ. ప్రభువు నన్ను ఇందులోకి తొయ్యలేదు, ఆపనూ లేదు. నాకు వదిలిపెట్టాడు. తప్పో ఒప్పో మీరు చెప్పండి. చేసింది మాత్రం నేను."

అని, ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళి గడప దగ్గర కూర్చుంది. నియమం అదే కదా. బల్ల మీద రొట్టె తెల్లని గుడ్డ కింద ఉంది. ఆమె అటు చూడకుండా ఉండాలని ఎంతో ప్రయత్నించింది, కానీ చూపు అటే పోయింది.

అప్పుడు లేయమ్మ లేచింది. "నా కుండలో సగం ఇసకే," అంది. "ఈ వారమే కాదు, గిద్దలు పంచిన దగ్గర నుంచీ అంతే. పిడికిలి వేసినన్నాళ్ళూ మంచి బియ్యమే వేశాను. ఎందుకో అప్పుడు ఇసక వెయ్యాలని తోచలేదు."

మత్తయ్య తాత కర్ర ఆసరాగా లేచాడు. "పోయిన నెల నాకు జ్వరమని రాలేదు. నాకు జ్వరం లేదు. గిద్ద తగ్గింది," అని కూర్చున్నాడు.

ఫిలేమోనుగారి మొహం జేవురించింది. "ఇందుకే కదా నేను ముద్రలు వేయించింది. నా కుండ చూడండి, ఒక్క గిద్ద తేడా ఉంటే చెప్పండి," అని తన కుండ తెప్పించి, ముద్ర తీసి, అందరి ముందూ చేటలో పోశారు.

కొలత సరిగ్గా సరిపోయింది. పద్నాలుగు గిద్దలూ ఉన్నాయి. గింజ గింజకీ పురుగు కూడా ఉంది.

ఆయన చేట వంక చూస్తూ ఉండిపోయారు. కొట్టులో అమ్ముడుపోని పుచ్చుబియ్యం బస్తా ఒకటి ఉంటే, దేవుడి కుండకి అది వాడమని ఇంట్లో చెప్పింది తనే. అప్పుడది తప్పనిపించలేదు. గిద్ద గిద్దే కదా అనుకున్నారు.

"అయ్యగారూ, ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారు, చాలా మెల్లగా.

అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "మీరు నియమాలు పెట్టినప్పుడు నోరు మూసుకున్నాను. అది నా తప్పు. ఇప్పుడు మీకు నేనొక నియమం పెట్టి ఇంకో తప్పు చెయ్యను. దేవుడు మనకి పిడికిలి ఇచ్చాడు బాబూ. తెరవమని అడుగుతాడు. వేళ్ళు విరిచి తెరవడు."

ఫిలేమోనుగారు కదల్లేదు. సంఘమంతా ఎదురుచూసింది. ఆ పెద్దమనిషి వెనకనున్న తలుపులోంచి తన మేడకి వెళ్ళిపోవచ్చు. మాట మీద నిలబడి ఆమెని గడప దగ్గరే ఉంచనూ వచ్చు. ఆపేవాళ్ళెవరూ లేరు.

ఆయన మెల్లగా నడిచి గడప దగ్గరికి వచ్చారు. భుజం మీది కండువా తీసి, దోర్కమ్మకి కాస్త ఎడంగా, ఆ మట్టి నేల మీదే కూర్చున్నారు.

"అమ్మా," అన్నారు, "నీది ఖాళీ కుండ, నాది పురుగుల కుండ. గడప దగ్గర కూర్చోవాల్సింది నేను. నువ్వు లోపలికి వెళ్ళు తల్లీ."

దోర్కమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడింది. కానీ అడుగు వెయ్యలేదు.

"మీరూ లేవండి బాబుగారూ," అంది. "అంత దూరం నేనొక్కదాన్నీ నడవలేను."

ఇద్దరూ కలిసి బల్ల దగ్గరికి వెళ్ళారు. అయ్యగారు రొట్టె విరిచారు. అమ్మగారు ఏడుపు ఆపుకోలేకపోయింది, ఆపుకోవాలని అనుకోనూ లేదు.

ఆ తర్వాత లంకలో ముద్రలు లేవు, మూతలు లేవు. మళ్ళీ ఎవరి పిడికిలి వాళ్ళదే అయింది. కొన్ని వారాలు గంప నిండేది, కొన్ని వారాలు వెలితిగానే ఉండేది. ఏ వారమైనా ఆ బియ్యాన్ని ముసలివాళ్ళు రాళ్ళు ఏరే పని లేకుండా కళ్ళు మూసుకుని వండుకునేవాళ్ళు.

కాబట్టి పిల్లలూ, భయపెట్టి తెరిపించిన చేతిలోంచి కొలత వస్తుంది గాని మంచితనం రాదు; చేసే స్వేచ్ఛ దేవుడు మనకే ఇచ్చాడు గనుక, చేసింది నేనేనని నిజం చెప్పగలిగిన మనసే ఆయనకి ఇష్టమైన కానుక.