ఇత్తడి సింహం

డ్రైవరు పైడయ్యకు పెద్ద చిక్కొచ్చిపడింది. జమీందారుగారు వంశచిహ్నమంటూ ఇంత పెద్ద ఇత్తడి సింహాన్ని కారుకు ముందు, ఇంజనును చల్లబరిచే రేడియేటరుకు గాలి తగిలే చోటే బిగించారు. కొండెక్కినప్పుడల్లా ఇంజను కుతకుతా మరిగి ఆగిపోతోంది. "మళ్లీ ఆగిందా, నీ కొలువు ఊడినట్టే!" అన్నారు దొర. సింహాన్ని తీసేద్దామంటే మండిపడతారు.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "దొరా! కారు కనబడగానే జనం తలొంచి దండం పెడతారు. తలెత్తేసరికి మనం దాటిపోతాం. పాపం, మీ సింహాన్ని చూసిన వాడే లేడు. వెనక పెట్టిస్తే?"

దొర పొంగిపోయి వెనక పెట్టించారు. మర్నాడు కారు ఆగకుండా కొండెక్కింది.

"చూశావా, సింహం వెనకనుంచి ఎలా తోసిందో!" అంటూ దొర పైడయ్యకు శాలువా కప్పారు.

"అంతా తమ దయ," అని పైడయ్య మనసారా దండం పెట్టాడు, ఎదురొచ్చే గాలికి.