చెంబులో దాచిన ఆకు

ఇది మా మేనత్త చెప్పే కథ. ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఈమధ్య నాకు తారుమారవుతోంది. చీమలు ముందొచ్చాయా, తలంటు ముందు జరిగిందా అని నన్ను నిలదీయకండి. ఎటునుంచి చెప్పుకొచ్చినా ఆ ఇంటివాళ్ళ తెలివి మాత్రం తరగదు.

ఆ ఇంట్లో కూర్మయ్య, ఆయన పెద్దకొడుకు దాలయ్య, దాలయ్య పెళ్ళాం గున్నమ్మ, చిన్నకొడుకు తవిటయ్య ఉండేవారు. ఊరికంతటికీ సరిపడా తెలివి తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది బయటికి పోకుండా పొద్దుగూకగానే కిటికీలు మూసేసేవారు. పొరుగావిడ పొయ్యిలోకి నిప్పు అడగడానికొస్తే, "నిప్పయితే పట్టుకెళ్ళు గానీ తెలివి మాత్రం అడక్కమ్మా, మాకే సరిపోవాలి" అని గున్నమ్మ ముందే చెప్పేసేది. ఆ ఇంటికి తెలివి అడగడానికి ఎవరూ వచ్చింది లేదు, అది వేరే సంగతి.

కూర్మయ్యకు మోకాళ్ళ నొప్పులు. మంచం దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. ఆ ఊరి వైద్యుడు జగ్గప్పగారు కుండీల్లో గంజాయి మొక్కలు పెంచేవాడు. ఉలిక్కిపడకండి, మందు కోసమే. ఆయన దగ్గర సర్కారువారి అనుమతి ఉండేది. ఆరుబయట పెడితే చిలుం పీల్చేవాళ్ళు పీక్కుపోతారని ఇంట్లోనే కిటికీ దగ్గర పెట్టుకునేవాడు. ఇంతలో కూతురి పురిటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎలాగూ ఆ ఆకుతో చేసే లేహ్యం కూర్మయ్యకే గదా అని కుండీలు తెచ్చి వీళ్ళకే అప్పజెప్పాడు. ఆయనకు ఊళ్ళో ఇంకో ఇల్లు కనపడలేదు మరి!

"చూడండర్రా, గదిలో మొక్కకు గాలీ వానా తగలవు. పురుగు పట్టిందంటే దానంతటది పోదు. పురుగు ఆకు అడుగున కాపురం పెడుతుంది, రోజూ ఆ అడుగు చూడండి. పసుపు రంగంటే వాటికి మహా ఇష్టం. పచ్చటిది ఏదైనా కదలకుండా నిలబెట్టి ఆముదం రాస్తే వచ్చి అంటుకుంటాయి. అప్పటికీ పోకపోతే వేపనూనె, కుంకుడు రసం కలిపి మొక్కకు స్నానం చేయించండి. ఎర్రగా చుక్కల చుక్కల అక్షింతల పురుగులొస్తే మాత్రం తోలకండి, అవి మన చుట్టాలే. ఏం చేసినా ఆకు దక్కాలి. ఆకు పోతే మీ నాయనకు లేహ్యం లేదు. అర్థమైందా?"

"మాకా?" అని ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు చూసైనా జగ్గప్పగారు కుండీలు వెనక్కి తీసుకుపోవలసింది.

మర్నాడు పొద్దున్నే తవిటయ్య కుండీ ముందు కూర్చున్నాడు.

"వదినా, ఆకు అడుగు చూడమన్నారు. కొమ్మకుండగా అడుగెలా కనిపిస్తుందే?"

"కోసి చూడు. చూశాక అంటించెయ్."

అంతే. ఆకులన్నీ కోసి, తిరగేసి చూసి, అన్నం మెతుకులు మెదిపి ఎక్కడివక్కడ అతికించారు. ఒక్క పురుగు లేదు. "మన చేతిలో పడ్డాక పురుగెలా పడుతుంది?" అని దాలయ్య మీసం దువ్వాడు. ఇంకేముంది, మెతుకుల కోసం చీమలొచ్చాయి. చీమలు ఊరికే వస్తాయా? పేనుబంకను వెంటబెట్టుకొచ్చాయి. అతికించినవన్నీ రాలిపోయి కొమ్మ చివర్ల మళ్ళీ లేతాకు వేస్తే, దాని నిండా పేనే.

"పచ్చటిది కావాలి, కదలకూడదు, ఆముదం రాయాలి" అని దాలయ్య ఇల్లంతా వెతికాడు. పసుపు కొమ్ము చిన్నది. గుమ్మడికాయ దొర్లుతుంది. గున్నమ్మ పచ్చచీర కట్టుకుని నిలబడదామంటే పొయ్యి మీద పప్పు ఉంది. చివరికి ముగ్గురూ ఒకేసారి మంచం వైపు చూశారు.

"మావకంటే కదలనిది ఈ ఇంట్లో ఏముంది?" అంది గున్నమ్మ.

"ఒరే, నాకు మందు చెయ్యమంటే నన్నే మందు చేస్తార్రా?" అని కూర్మయ్య మొత్తుకున్నాడు.

"నీ మోకాళ్ళ కోసమే గదా నాయనా! కదిలావంటే లేహ్యం దక్కదు" అని పెళ్ళికొడుక్కి పూసినట్టు ఒళ్ళంతా పసుపు పూసి, ఆముదం పట్టించి, కుండీల మధ్య కూర్చోబెట్టారు. పెళ్ళినాడు కూడా ఆయనకింత మర్యాద జరగలేదు. దోమలొచ్చాయి, ఈగలొచ్చాయి, పక్కింటి పేడకుప్ప మీద ఉండేవన్నీ వచ్చాయి. కూర్మయ్య నోరు తెరిస్తే నోట్లోకే. పేను మాత్రం ఆకు వదిలి రాలేదు.

"పోనీ, తలంటుదాం" అన్నాడు తవిటయ్య.

"చన్నీళ్ళు పొయ్యకు మరిదీ, వాటికి రొంప పడుతుంది" అని గున్నమ్మ కాగులో నీళ్ళు మరగబెట్టింది. మొక్కల్ని పీటల మీద పెట్టి వేడివేడిగా పోశారు. కుంకుడు రసంతో రుద్దారు. తువ్వాలుతో తుడిచారు. చిక్కులున్నాయని దువ్వెన కూడా పెట్టారు. సాంబ్రాణి పొగ వేసేసరికి మొక్కలు తలలు వాల్చేశాయి.

"తలంటుకున్నాక నిద్రొస్తుంది గదా" అని చప్పుడు చెయ్యకుండా మునివేళ్ళ మీద నడిచారు. ఇంత జరిగినా అడుగు కొమ్మలకు కాస్త ఆకు మిగిలింది, పేనూ మిగిలింది.

ఆ మొక్కల అదృష్టం కొద్దీ అప్పుడే అక్షింతల పురుగులొచ్చాయి. వచ్చీ రాగానే పేనును తినడం మొదలెట్టాయి. ఊరుకుంటే పని అయిపోయేది. ఊరుకుంటే వాళ్ళు వాళ్ళెందుకవుతారు?

"అయ్యయ్యో! చుట్టాలు మనింటికొచ్చి పురుగులు తింటున్నారు! నలుగురికీ తెలిస్తే ఎంత అప్రతిష్ట!" అని గున్నమ్మ లెంపలేసుకుంది.

అంతే. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని విస్తరి ముందు దింపారు. పప్పన్నం వడ్డించారు. "మొహమాటపడకండి, ఇంకాస్త నెయ్యి వేసుకోండి" అని దాలయ్య బతిమాలాడు. ఒకటి నేతిలో పడి మునిగింది. మిగిలినవి ఎగిరిపోయాయి. "తాంబూలం తీసుకోకుండా వెళ్ళిపోతారేమర్రా!" అని తవిటయ్య ఆకూ వక్కా పట్టుకుని చేలదాకా పరిగెత్తాడు.

ఇంకేముంది, పేనుకు అడ్డెవరు? తెల్లారేసరికి కుండీల్లో పుల్లలు మిగిలాయి. కూర్మయ్య పుల్లలు చూశాడు, తన మోకాళ్ళు చూసుకున్నాడు, గొల్లుమన్నాడు.

"ఏడవకు మావా, ఆకెక్కడికి పోయింది? పురుగు కడుపులోకే గదా! పురుగెక్కడికి పోయింది? ఇక్కడే ఉంది గదా!" అంది గున్నమ్మ.

ఆ మాటకు అన్నదమ్ములిద్దరూ నోళ్ళు తెరిచారు. ఇంత తెలివి ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ వాడుకోలేదే అనుకున్నారు. పేను, చీమలు, కూర్మయ్య వీపుకి అంటుకున్న ఈగలు, అన్నిటినీ ఒక ఇత్తడి చెంబులోకి ఊడ్చి మూతికి గుడ్డ కట్టారు.

జగ్గప్పగారు రానే వచ్చాడు.

"ఆకేదిరా?"

"భద్రంగా దాచాం" అని దాలయ్య చెంబు అందించాడు. జగ్గప్పగారు గుడ్డ విప్పి చూసి గోడకు చేరగిలబడ్డాడు.

"ఆకంతా లోపలే ఉంది. నమిలి కూడా పెట్టాయి, మీకు నూరే శ్రమ తప్పింది. అయినా మరోసారి నూరదాం" అని తవిటయ్య రోలు మంచం పక్కకు దొర్లించాడు. గున్నమ్మ చెంబు వంచింది. దాలయ్య, "నాయనా, నోరు తెరు" అన్నాడు.

అంతే! మంచం దిగలేని కూర్మయ్య మంచం దిగలేదు, దాని మీంచే ఎగిరాడు. రోలు దాటాడు, వైద్యుణ్ణి దాటాడు, పెరటిగోడ దూకి కనపడకుండా పోయాడు.

"చూశారా వైద్యులుగారూ? ఇంకా నోట్లో పడనేలేదు, వాసనకే మోకాళ్ళు వచ్చేశాయి!" అన్నాడు దాలయ్య.

"మందు సంగతి దేవుడెరుగు, ముందు ఆ ముసలాణ్ణి పట్టుకోండర్రా!" అని అరిచి జగ్గప్పగారు ఇంటికి పోయాడు. తీరా చూస్తే కూర్మయ్య ఆయన కొట్టుగదిలోనే దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. "నాకు నొప్పుల్లేవు, మందొద్దు, నన్ను మాత్రం ఆ ఇంటికి పంపకండి బాబూ" అని లోపల్నించి ఒకటే గోల.

ఇక్కడ వీళ్ళకు ముసలాణ్ణి పట్టుకోవడం ఎలాగో తెలియకపోలేదు. వైద్యుడు చెప్పిన ఉపాయం ఉండనే ఉంది. ముగ్గురూ ఒళ్ళంతా పసుపు పూసుకుని, ఆముదం పట్టించుకుని, వీధి మలుపులో కదలకుండా నిలబడ్డారు, కూర్మయ్య వచ్చి అంటుకుంటాడని.

కూర్మయ్య రాలేదు. చీమలు వచ్చాయి.

విశాలమ్మా, ఈ కథ రాసుకుంటున్నావు గదా, పెద్దవాడు దాలయ్యేనా, తవిటయ్యా? మా మేనత్త ఎలా చెప్పేదో మీ అమ్మనడిగి ఓసారి సరిచూడు తల్లీ. పసుపు పూసుకున్నాక ఎవరెవరో ఎలాగూ తెలియదనుకో, అయినా పేర్లు తప్పు పోకూడదు.