కొలిచాక వేసిన కొసరు

విజయనగరంలో మా సోమయాజులు మాస్టారు ఎవరి రాతనూ దిద్దేవారు కాదు. కాగితం చదివి, కళ్లజోడు తీసి, "ఇది ఎవరి కోసం రాశావో వాళ్లకి చదివి వినిపించి రా" అనేవారు. ఆ ఒక్క మాటకి జడిసి కవిత్వం మానేసినవాళ్లు మా ఊళ్లో కనీసం ముగ్గురున్నారు. వారిలో నేనూ ఒకణ్ణి, దాంతో ఊరికి మేలే జరిగింది.

ఆయన శిష్యురాలు హైమవతి మాత్రం మానలేదు. డబ్బు చుట్టూ పుట్టిన తెలుగు నానుళ్ల మీద ఏకంగా ఒక పుస్తకం రాసింది. అచ్చుకి వెళ్లేముందు అంకితం పేరా ఒక్కటే మిగిలింది. అంకితం ఎవరికో కాదు, సంత వీధిలో నూకలు అమ్మే పైడమ్మకి. ఆ నానుళ్లలో సగం హైమవతి చిన్నప్పుడు ఆమె కొట్టు దగ్గర విన్నవే. చూపు మందగించిన పైడమ్మ ఆ వారమే కొట్టు మూసి, పలాసలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఈలోగా తన కృతజ్ఞత ఆమె చెవిన వెయ్యాలని హైమవతి ఆరాటం.

"మాస్టారూ, ఒక్కో వాక్యం చూస్తే బాగానే ఉంది. అన్నీ కలిపితే పేరాకి బలం చాలడం లేదు. లోపం ఎక్కడ?" అని అడిగింది.

ఆయన కళ్లజోడు తీశారు. ఎప్పటి మాటే చెప్పారు. తోడుగా నేనూ వెళ్లాను.

పైడమ్మ ఖాళీ గోనెలు మడతపెడుతోంది. హైమవతి పక్కన కూర్చుని చదివింది. ఒకప్పుడు గవ్వలు డబ్బుగా చెల్లేవని, చిల్లిపడ్డ గవ్వని ఎవరూ పుచ్చుకోరు గనక అది కూడా లేదంటే ఇంకేమీ లేనట్టేనని, రూపాయికి పదహారణాలున్న రోజుల నుంచే నిండైనదాన్ని పదహారణాలంటున్నామని, దమ్మిడీలు, కాణీలు పోయినా వాటితో పుట్టిన తిట్లు పోలేదని, పేరా చాలా దూరం నడిచింది. చిట్టచివర 'ఇంత సంపదనిచ్చిన పైడమ్మకు' అని ఉంది.

పైడమ్మ శ్రద్ధగా వింది. "బాగుంది గానీ తల్లీ, ఇందల నానెక్కడున్నాను?" అంది.

హైమవతి కాగితం మడిచేసింది.

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు సంచీ పట్టుకుని వచ్చాను మామ్మా. డబ్బుల్లేవని చెప్పలేక ఇక్కడే నిలబడిపోయాను. నువ్వేమీ అడగలేదు. తవ్వెడు నూకలు కొలిచి పోశావు. పోశాక, పైన గుప్పెడు కొసరు వేశావు. దానం చేసేవాళ్లు కొసరు వెయ్యరు. కొనుక్కునేవాళ్లకే వేస్తారు. ఆ వేళ నేను తలెత్తుకుని ఇంటికి వెళ్లాను."

"పిడికెడు నూకల్ని ఇన్నేళ్లు గురుతెట్టుకున్నావేటి!" అంటూ పైడమ్మ హైమవతి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నా కళ్లూ చెమర్చాయి. అది కనబడకుండా నేనో గోనె మడతపెట్టాను.

మర్నాడు హైమవతి కొత్త పేరా మాస్టారి చేతికిచ్చింది. 'ఆ రోజు నా చేతిలో చిల్లిగవ్వ లేదు' అని మొదలై, గుప్పెడు కొసరు దగ్గర ఆగింది. అయిదే వాక్యాలు. ఆయన రెండుసార్లు చదివారు.

"కాణీ, దమ్మిడీ, పదహారణాలు... అన్నీ కష్టపడి ఏరుకొచ్చినవి మాస్టారూ. ఒక్కటీ పెట్టలేకపోయాను," అంది హైమవతి దిగులుగా.

మాస్టారు కాగితం తిరిగి ఇచ్చారు.

"పెడుదువు గాని, పుస్తకం నిండా చోటుంది. ఇంతకీ పైడమ్మ కొసరు ఎప్పుడు వేసిందన్నావు, కొలవకముందా?"