ఉరుముల గుండం చూడబోయిన చుక్కి

ఉరుముల గుండం జలపాతానికి బాగా దిగువన, టేకు చెట్ల మధ్య ఓ గూడెం ఉంది. ఆ గూడేనికి వాగు నుంచి నీళ్లు మోసే గాడిద పేరు చుక్కి. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు పెట్టారు. ఆ మచ్చ చూసుకుని మురిసేంత తీరిక మాత్రం చుక్కికి ఎప్పుడూ దొరకలేదు. ఈ వానాకాలం గూడేనికి కుళాయి వచ్చింది, చుక్కికి పని పోయింది. రేపు పొద్దున్నే ఇటుక బట్టీ వాళ్లు వచ్చి తోలుకుపోతారట.

చుక్కి ఆ సాయంత్రం దాకా ఆగలేదు. అప్పటికప్పుడు కొండదారి పట్టింది. దారిలో ఎదురైన నక్క ఎక్కడికని అడిగింది.

"పుట్టిన దగ్గర్నుంచీ నీళ్లు మోశాను మావా. ఎవరూ మొయ్యకుండానే నీళ్లు వచ్చి పడే చోటు ఒకటుందట. అది చూశాకే ఇటుకలు మోస్తాను."

నక్కగారు చూడని జలపాతం లేదు, వినేవాళ్లు దొరకాలే గానీ. కుంటాల చూశారట, బొగత చూశారట, తలకోనలో ఏకంగా తలంటుకున్నారట. నిజానికి ఆయనగారి యాత్రలన్నీ గూడెం కోళ్లగూటి దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. ఉరుముల గుండం మాత్రం ఒక్కసారి చూసింది, అదీ నడివేసవిలో. అప్పుడు బండ మీంచి సన్నటి ధార జారుతోంది, పక్కన తొండ పాకినా వినపడింది.

కాసేపు మేస్తూ ఉండమనీ, తానే దగ్గరుండి చూపిస్తాననీ చుక్కికి చెప్పి, నక్క ముసలి చిరుత దగ్గరికి పరిగెత్తింది. ఆ చిరుతకి చూపు మసక, కాలు పట్టేసింది. దూకితే ఒక్క దూకు, అంతే.

"దొరా, ధారకు ఎదురుగా నల్లబండ ఉంది. మీరు పక్క పొదలో కూర్చోండి. గాడిదని బండెక్కించి ఊళ వేస్తాను. మీరు దూకండి."

"ఊళ గట్టిగా వెయ్యి. చూసి దూకడం నావల్ల కాదు," అంది చిరుత.

నక్క తిరిగొచ్చి చుక్కిని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారి నిట్టనిలువు. కొమ్మల మీది కొండముచ్చులు, గాడిదకి జలపాతం దేనికని ఒకటే నవ్వు. చుక్కి తలెత్తలేదు. పాకుడు రాళ్ల మీద జారి మోకాళ్లు కొట్టుకుపోయినా లేచింది. టేకుపూలు రాలి వీపు మీద పడుతుంటే, ఇంత తేలికైన మోత కూడా ఉంటుందా అనుకుంది.

రెండూ మలుపు తిరిగాయి. కొండ నెత్తి నుంచి నీళ్లు తెల్లగా విరిగిపడుతున్నాయి. పైన రాతిచూరుకి తేనెపట్లు, కింద తడిసి వంగిన పచ్చటి ఆకులు, అంతటా పొగలాంటి తుంపర. ఆ మోతకి కాళ్ల కింద నేల అదురుతోంది. నక్క ఏదో చెప్పబోయింది. దాని మాట దానికే వినపడలేదు. పుట్టాక మొదటిసారి నోరుండీ పనికిరాకపోయేసరికి పాపం బిత్తరపోయింది.

అప్పుడే చుక్కికి నల్లబండ పక్క పొదలో చుక్కల తోక కదలడం కనపడింది. వెనక్కి తిరిగితే ప్రాణం దక్కుతుంది. ధారకు మాత్రం ఆ బండ పక్కనుంచే దారి. ఇంత దూరం వచ్చి ధార దాకా వెళ్లకుండా పోయేది లేదనుకుంది. నిలబడ్డ చోటే నిలబడి, అర్థం కానట్టు చెవి వంచింది.

నక్క బండ వైపు మూతి చూపించింది. చుక్కి బుద్ధిగా ఆకాశం చూసింది. నక్క కాలితో చూపించింది. చుక్కి తన కాలు చూసుకుంది. ఒళ్లు మండి, నక్క తనే బండెక్కింది. నువ్వు, ఇదిగో, ఇక్కడ అన్నట్టు ముందుకాళ్లు రెండూ నెత్తిన నిలబెట్టి గాడిద చెవులు పెట్టి చూపించింది.

నక్కగాడు ఊళ వేసే ఉంటాడు, ఈ మోతలో నాకే వినపడి ఉండదనుకుంటున్న చిరుతకి, తుంపరలో బండ మీద రెండు నిలువు చెవులు కనపడ్డాయి. దూకింది.

రెండూ కలిసి గుండంలో పడ్డాయి. కొట్టుకుపోయి, ఎక్కడో దిగువన, మాట వినపడే చోట ఒడ్డుకు తేలాయి.

"గాడిదకి ఇంత బొచ్చుతోక ఏమిట్రా?" అంది చిరుత, పట్టు వదలకుండా.

"అది నాదే దొరా."

"మరి ఊళ వెయ్యలేదేం?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కంటే తోకలో సగం బొచ్చు వదులుకుని పరిగెత్తడమే నయమనిపించింది నక్కకి.

పైన చుక్కి ధార అంచున నిలబడింది. ఎన్నో ఏళ్లు తను మోసిన నీళ్లు ఇప్పుడు తన వీపు తోముతున్నాయి. గొంతెత్తి ఓండ్ర పెట్టింది. నోర్ముయ్యమన్నవాడు లేడు. రేపు బట్టీకి వెళ్లాల్సిందే. వెళ్తుంది, చూసింది కదా.

వేసవిలో చూసిన చోట వానాకాలంలో ఉచ్చు పన్నితే, అందులో పడేది పన్నినవాడే.