ముప్పయ్యో అతుకు

అనగా అనగా, విన్నవాళ్ళు వినగా, కొండకు ఒక ఊట ఉండేది. ఊటకు ఒక నగరం ఉండేది. నగరానికి ఒక రాజు ఉండేవాడు. కొండ పేరు ఊటకొండ. రాజు పేరు సోమదత్తుడు.

రాజుల కాలంలో ప్లాస్టిక్ పైపులు ఎక్కడివని అడగకండి, నాయనా. దాహానికి కాలం తెలియదు. కథకు మాత్రం ఎందుకు తెలియాలి?

ఊట నీళ్ళు నగరానికి అందేవి. కొండకు రెండోవైపున ఉన్న దిగువవాడకు అందేవి కావు. వాడవాళ్ళు గుంటనీళ్ళు తాగేవాళ్ళు. ఆ నీళ్ళు ఎర్రగా ఉండేవి. కిందటి ఎండాకాలం ఆ నీళ్ళు తాగి ముగ్గురు పసివాళ్ళు పోయారు. వాళ్ళలో ఒకతె పైడమ్మ మనవరాలు. పేరు సిరి. మూడేళ్ళది.

పైడమ్మ విస్తళ్ళు కుట్టుకుని బతికే మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మోదుగాకులు, చీల్చిన పుల్లలు, ఆ పుల్లలు చీల్చే చిన్న కత్తి, ఇవే ఆమె ఆస్తి.

ఒకనాడు సముద్రతీరం నుంచి ఒక వర్తకుడు తెల్లటి పైపులు బండ్ల మీద తెచ్చి రాజుకు కానుక ఇచ్చాడు. దిగువవాడ వాళ్ళు వెళ్ళి రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"దేవరా, ఆ పైపులు మాకిప్పించండి. ఊట నీళ్ళు మా వాడకు తెచ్చుకుంటాం."

పక్కనే తోటల అధికారి ఉన్నాడు. ఆయనకు రాజుగారి తోటలో నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టించాలని కోరిక. "వీళ్ళకు అతకడం వచ్చా మహారాజా? ఎండలో పడేసి పాడుచేస్తారు" అన్నాడు.

రాజు కాసేపు ఆలోచించాడు. "రోహిణినాటి ముహూర్తానికి నీళ్ళు వాడకు చేరితే పైపులు వాళ్ళవి. చేరకపోతే తోటవి" అని తీర్పు చెప్పాడు.

పైపులు వాడకు వచ్చాయి. అతికేవాళ్ళు మాత్రం రాలేదు. నగరంలో పనివాళ్ళందరినీ అధికారి తోటపనిలో పెట్టుకున్నాడు. వాడలో మగవాళ్ళు ఆ తెల్లటి పైపుల చుట్టూ తిరిగారు, తట్టి చూశారు, తలలు గోక్కున్నారు. పైడమ్మ ముందుకు వచ్చింది.

"నేను నేర్చుకుంటాను" అంది.

మరిది అప్పన్న నవ్వాడు. "ఒదినా, ఇది విస్తరి కాదు, పుల్ల గుచ్చితే ఆగడానికి."

"పుల్ల గుచ్చడం కూడా పుట్టగానే రాలేదులే అప్పన్నా" అంది పైడమ్మ.

వర్తకుడు ఊరు దాటబోతున్నాడు. పైడమ్మ పరుగున వెళ్ళి బండికి అడ్డం నిలబడి, ఎలా అతకాలో చెప్పమంది. అతను తొందరలో ఉన్నాడు. రెండు పైపుల మధ్య పెట్టే పొట్టి ముక్కలూ, రంపపు బద్దా, జిగురు డబ్బాలూ చేతికిచ్చి, మూడే మూడు మాటలు చెప్పాడు.

"కొయ్యి. పూయి. దూర్చు."

బండి వెళ్ళిపోయింది.

మొదటిరోజు పైడమ్మ రెండు ముక్కల మధ్య ఎడం తాడుతో కొలిచింది. సరిగ్గా అంతే కోసింది. తీరా పెట్టబోతే పైపు పొట్టిదైపోయింది. ఒక కొసను దూరిస్తే రెండోకొస అందలేదు. పైపు వృథా అయింది. ఆమె ఇంటికొచ్చి విస్తరి కుడుతూ ఉండగా చెయ్యి ఆగిపోయింది. ఆకు అంచుకు ఆకు అంచు ఆనిస్తే పులుసు కారిపోదూ? ఆకు మీదికి ఆకు రెండువేళ్ళు ఎక్కాలి. ఆ రెండువేళ్ళూ పైకి కనిపించవు. విస్తరిని పట్టి ఉంచేవి మాత్రం అవే. "పైపుకూ అంతేనన్నమాట" అనుకుంది. మర్నాటి నుంచి ప్రతి పైపూ రెండు కొసలా రెండేసి వేళ్ళు ఎక్కువ ఉంచి కోసింది. లోపలికి పోవలసినంత మేర తెలియడానికి బొగ్గుతో చుట్టూ గీత గీసింది.

రెండోరోజు అతుకు కుదిరింది గానీ, నీళ్ళు పోసి చూస్తే చెమ్మ కారింది. విప్పి చూస్తే రంపం కోసిన అంచుకు నూగు లేచి ఉంది. ఆ నూగు జిగురునంతా గీకి పారేసింది. పైడమ్మ పుల్లల కత్తి తీసి అంచును లోపలా బయటా నున్నగా చెక్కింది. కొంగుతో దుమ్ము తుడిచింది.

మూడోరోజు కోత బాగుంది, అంచు బాగుంది, జిగురు బాగుంది. దూర్చి చెయ్యి వదిలింది. చూస్తూ ఉండగానే పైపు మెల్లగా వెనక్కి జారి బయటికొచ్చింది. కొత్త జిగురు జారుడుగా ఉంటుంది కదూ! దూర్చి, కాస్త మెలితిప్పి, బొగ్గుగీత ముక్క మూతిని తాకేదాకా నొక్కి, పట్టు వచ్చేవరకు వదలకూడదు. ఎంతసేపు? పైడమ్మకు పదికి మించి అంకెలు రావు. అందుకని సిరికి పాడిన జోల మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి పాడింది. జోల ముగిసేసరికి అతుకు పట్టింది.

ఆ జోల వినడానికి ఇప్పుడు సిరి లేదు. కొండవాలున తెల్లటి పైపులు విన్నాయి.

ఊట నుంచి వాడ దాకా ముప్పై అతుకులు. ముందు అన్నిటినీ జిగురు లేకుండా పెట్టి చూసుకుంది, వంపులు సరిపోయాయో లేదోనని. జిగురు లేకపోయినా అవి బిగువుగా కూర్చున్నాయి. కాకపోతే జిగురు లేని పైపు పూర్తిగా లోపలికి పోదు, ఒక వేలెడు బయటే ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే తీసి జిగురు పూసి అతికింది. ఎండకు జిగురు తొందరగా ఆరిపోతోందని నీడ ఎటు తిరిగితే అటు తిరిగింది. వరస తప్పింది. అందుకని అతికిన ప్రతిదానికీ ఒక పసుపు చుక్క పెట్టుకుంది.

ముహూర్తానికి ముందురోజు, పొద్దు వాలుతూండగా, జిగురు అయిపోయింది. ఒక్క అతుకు మిగిలింది. వాడలో ఇంకో డబ్బా ఉంది. "చుక్క లేనిదే కదా మిగిలింది, తెల్లవారుతూనే వచ్చి అతికేస్తాను" అనుకుని దిగి వెళ్ళిపోయింది.

తెల్లవారుతూనే డబ్బాతో కొండెక్కింది. ఎక్కి, అక్కడే నిలబడిపోయింది.

ముప్పై అతుకులూ పసుపుతో మెరిసిపోతున్నాయి! చుట్టూరా దట్టంగా పసుపు, పైన కుంకుమబొట్టు, బొట్టు పక్కన బంతిపువ్వు.

వాడపెద్ద భార్య బంగారమ్మ పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. వెనక నలుగురు ముత్తైదువలు. "ఏమే పైడీ, నువ్వు పసుపు చుక్కలు పెట్టి అంతటితో వదిలేశావనుకున్నాం. గంగమ్మ వచ్చే దారి కదా, బోసిగా ఉండకూడదని అందరం కలిసి పూసేశాం. ఎలా ఉంది?"

పైడమ్మ డబ్బా కింద పెట్టింది. మెల్లగా అంది. "ఒకటి అతకలేదక్కా. చుక్క లేనిది. అదెక్కడో ఇప్పుడు నాకు తెలియదు."

బంగారమ్మ పూసిన అతుకులన్నిటి వంకా తిరిగి చూసింది.

అప్పుడే కింద నుంచి బూరలు వినిపించాయి. రాజు వస్తున్నాడు.

అప్పన్న గబగబా దగ్గరికొచ్చాడు. "ఒదినా, ముప్పైలో ఒకటి. ఇరవై తొమ్మిది పట్టుకుని ఉంటే ఆ ఒక్కటి ఆగదా? నేను లాగి చూశాను, అన్నీ బిగువుగానే ఉన్నాయి."

బంగారమ్మ చెవిలో అంది. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నువ్వు అబద్ధం కూడా ఆడక్కర్లేదే. ఊరుకుంటే చాలు."

మూడో మాట పైడమ్మ మనసే అంది. ఇవాళ నోరు విప్పితే ముహూర్తం దాటుతుంది. పైపులు తోటకు పోతాయి. మళ్ళీ ఎండాకాలం వస్తుంది. మళ్ళీ ఎవరి సిరో...

ఆమె లోయవైపు చూసింది. ఆ వాలులో అతుకు ఊడిందంటే పైపు వరసంతా లోయలోకి జారి ముక్కలవుతుంది. అప్పుడు వాడకూ లేదు, తోటకూ లేదు.

"నీళ్ళకు మొహమాటం ఉండదు అప్పన్నా. అతకని చోటునే ముందు వెతుక్కుంటాయి" అంది. నేరుగా రాజు దగ్గరికి నడిచింది.

"దేవరా, ఊట తెరవకండి. ఒక అతుకు అతకలేదు. తప్పు నాది. చీకటి పడకముందే అదెక్కడో గుర్తు పెట్టుకుని పోవలసింది."

జనం గొల్లుమన్నారు. తోటల అధికారి చిరునవ్వు నవ్వాడు. "చూశారా మహారాజా! అతకడం రాక, ఇప్పుడు కథ చెబుతోంది. ముప్పై అతుకులకూ బొట్టు పెట్టి, ఒకటి కాలేదంటోంది. ఏదమ్మా అది? చూపించు!"

"బొట్టు కింద ఉంది బాబూ. ప్రతి అతుకుకూ బొగ్గుగీత ఉంటుంది. అతికినదానికి గీత మూతికి ఆని ఉంటుంది. అతకనిదానికి వేలెడు దూరంలో ఉంటుంది. పసుపు తుడిస్తే కనిపిస్తుంది."



గుంపులోంచి ఎవరో అన్నారు. "శుభమా అని ముహూర్తం పెట్టుకుని బొట్టు చెరుపుతుందా?" ఇంకొకరు అన్నారు. "అదీ ముత్తైదువ కాని ఈ చేతులతోనా!"

పైడమ్మ తన చేతుల వంక చూసుకుంది. జిగురు అంటి, కత్తిగాట్లు పడి ఉన్నాయవి. ఆమె ముందుకు వెయ్యబోయిన అడుగు వెనక్కి తీసుకుంది.

అప్పుడు బంగారమ్మ పళ్ళెం కింద పెట్టింది. చెంబులో నీళ్ళతో తన పట్టుచీర కొంగు తడుపుకుంది. మొదటి అతుకు దగ్గరికి వెళ్ళింది.

"పెట్టింది నేను. తుడిచేదీ నేనే" అంది. "గంగమ్మను పిలవడానికి పెట్టాను గానీ, గంగమ్మ కళ్ళు కప్పడానికి కాదు."

ఒక్కొక్క అతుకే తుడుస్తూ కొండెక్కింది. గీత మూతికి ఆని ఉంది. ఆని ఉంది. ఆని ఉంది. రాజు వెనకే నడిచాడు. జనం రాజు వెనక నడిచారు. పట్టుకొంగు పచ్చగా, ఎర్రగా తడిసిపోయింది.

పంతొమ్మిదో అతుకు. లోయ మీది వంపు. బంగారమ్మ కొంగు ఆగింది. పసుపు కింద నల్లటి గీత, మూతికి వేలెడు దూరాన.

"ఇదిగో" అంది.

తోటల అధికారికి నమ్మకం కలగలేదు. "బిగువుగానే ఉందే!" అంటూ రెండు చేతులా పట్టి గట్టిగా మెలితిప్పి లాగాడు. పైపు చేతికొచ్చింది. ఆయన పైపుతో సహా తుప్పల్లో వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ లోయలోకే చూస్తున్నారు.

పైడమ్మ వంగింది. దుమ్ము తుడిచింది. జిగురు పూసింది. దూర్చి, మెలితిప్పి, నొక్కి పట్టుకుంది. సన్నటి గొంతుతో జోల పాడింది. రాజు, పరివారం, వాడ, అందరూ ఆ జోల ముగిసేదాకా కదలకుండా నిలబడ్డారు. గీత మూతికి ఆనింది.

"ఇప్పుడు తెరవచ్చా?" అడిగాడు రాజు.

"లేదు దేవరా. ఒక పగలూ ఒక రేయీ ఆరాలి. లేకపోతే పైకి పట్టినట్టుంటుంది, లోపల పట్టదు. తెల్లవారి అతికితే చాలనుకోవడమూ నా తప్పే."

అధికారి దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "ముహూర్తం దాటిపోయింది మహారాజా. తమరి మాట..."

రాజు వినలేదు. ఎండకు గొంతు ఆరిపోయి ఉంది. "తాగడానికి కాసిని నీళ్ళు" అన్నాడు.

వాడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ దగ్గర ఉన్నవి ఒక్కటే నీళ్ళు. అప్పన్న ముంత తెచ్చి ఇచ్చాడు. రాజు ముంతలోకి చూశాడు. ఎర్రటి నీళ్ళు. పక్కన పెట్టేశాడు. మళ్ళీ పైడమ్మ చేతుల వంక చూశాడు. ముంత తీసుకుని, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు.

ముంత అప్పన్న చేతికిచ్చాడు.

"నేను నీళ్ళకు ముహూర్తం పెట్టాను" అన్నాడు. "ఇవాళ నీళ్ళే నాకు ముహూర్తం పెట్టాయి. రేపు ఇదే వేళకు వస్తాను. పైపులు వాడవి. ఇకమీద ఈ కొండ మీద ఏ అతుకు అతికినా, పైడమ్మ చూసి సరేనన్నాకే ఊట తెరవాలి."

మర్నాడు అదే వేళకు ఊట తెరిచారు. నీళ్ళు గలగలమంటూ ముప్పై అతుకులూ దాటాయి. ఒక్క చోటా చెమ్మ లేదు. దిగువవాడ నడిబొడ్డున తెల్లటి ధార పడింది. పిల్లలు దోసిళ్ళు పట్టారు.

బంగారమ్మ మళ్ళీ పళ్ళెం తెచ్చింది. ఈసారి తాను పెట్టలేదు. పళ్ళేన్ని పైడమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు పెట్టవే. ఎక్కడ పెట్టాలో నీకే తెలుసు."

పైడమ్మ కొండెక్కి, పంతొమ్మిదో అతుకును చేత్తో తడిమి చూసి, ఒక్క పసుపు చుక్క పెట్టింది.

అందుకే, పిల్లలూ, పెద్దలు ఇప్పటికీ అంటారు: పూర్తికాని పనికి పెట్టిన బొట్టు శుభం కాదు, కాలేదని చెప్పే నోరే శుభం.